అన్న నిశ్చితార్థానికి నేను పోయించిన పల్చని ఆయిల్

మెడలో ఐడీ కార్డు కొత్తగా వేలాడే రోజుల్లో మనిషికి తెలియని విషయమంటూ లోకంలో ఏదీ ఉండదు. నా విషయంలో ఆ రోజులు మరీ పాతవేమీ కావు, అందరి చేతుల్లోనూ ఫోన్లూ, ఫోన్లలో వీడియోలూ ఉన్న రోజులే. ఎర్రమంచి దగ్గరి కార్ల ఫ్యాక్టరీలో నాకు ట్రైనీగా ఉద్యోగం వచ్చిన కొత్త. పొద్దున్నే హిందూపురంలో కంపెనీ బస్సెక్కి పోయి, సాయంత్రం అదే బస్సులో తిరిగొచ్చేవాణ్ణి. వచ్చాక యూనిఫాం విప్పబుద్ధయ్యేది కాదు. కూరగాయలకు పోయినా దాంతోనే, కటింగ్ షాపుకు పోయినా దాంతోనే. (అమ్మ ఉతకడానికి అడిగితే "రోంతసేపు ఉండుమా" అని బజారు ఇంకో చుట్టు తిరిగొచ్చి ఇచ్చేవాణ్ణి.) టీ బంకు దగ్గర ఎవరైనా బండి గురించి మాట్లాడుకుంటుంటే, అడక్కపోయినా ఆగి, ఇంజను గురించి నాలుగు ముక్కలు చెప్పి కదిలేవాణ్ణి.

మా నాయనకు మార్కెట్లో చింతపండు మండీ ఉంది. అన్న ఆయనతోపాటే మండీలో కూర్చునేవాడు. వచ్చిన రైతుకల్లా, పోయిన వ్యాపారికల్లా నాయన ఒకటే మాట చెప్పేవాడు: "మా చిన్నోడు ఎర్రమంచిలో ఇంజన్లు చేస్తాండాడప్పా." నిజానికి నేను ఇంజన్లు చేసే చోటికి ఎప్పుడూ పోలేదు. అది వేరే షెడ్డు. నా పని తలుపులకు రబ్బరు అంటించడం. కారు తలుపు మూస్తే వాన నీళ్లు, దుమ్ము లోపలికి రాకుండా చుట్టూ నల్లటి రబ్బరు పట్టీ ఒకటుంటుంది చూశారూ, అది. తలుపులు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి, నేను అంటిస్తుంటాను. ఆ మాట ఇంట్లో చెప్పాలని అనుకోకపోలేదు. కానీ "ఇంజన్లు చేస్తాండాడు" అనేటప్పుడు నాయన మొహంలో ఒక వెలుగు కనిపించేది. ఆ వెలుగును ఆర్పడం ఎందుకని ఊరుకున్నాను. (ఇది ఆయన మీద ప్రేమ అని అప్పట్లో నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఆ మాట వింటే నా మొహం కూడా వెలిగేదన్న సంగతి మాత్రం చెప్పుకునేవాణ్ణి కాదు.)

అలాంటి రోజుల్లో అన్నకు ధర్మవరం సంబంధం కుదిరింది. వాళ్లు చీరలు నేసేవాళ్లు. శుక్రవారం పొద్దున తాంబూలాలు. పదిన్నరకు రాహుకాలం వస్తుంది కాబట్టి ఆలోపే ఉంగరాలు మార్చుకోవాలని పెద్దలు గట్టిగా చెప్పారు. చుట్టాలందరికీ టెంపో మాట్లాడారు. పెళ్లికొడుకు మాత్రం సొంత కారులో దిగాలని నాయన పట్టుబట్టాడు. ఆ కారును ఆయన నేను బడికి పోయే రోజుల్లోనే సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. నడక నెమ్మదే అయినా మధ్యదారిలో మమ్మల్ని వదిలిపెట్టిన పాపాన ఎప్పుడూ పోలేదు. దానికి నాయన ఏళ్లుగా చిక్కని ఆయిలే పోయించేవాడు. నా ఖర్మ కొద్దీ ఆ వారమే ఆయిల్ మార్చాల్సి వచ్చింది.

"నాయనా, నువ్వు పోయించేది ఆయిలా, ఆముదమా?" అన్నాను.

"ఏమిరా, బాగానే పోతాండాది గదా."

"యాడ పోతాండాది? ఈడ్చుకుంటాండాది. మా కంపెనీలో కొత్త బండ్లకు పోసే ఆయిల్ చూస్తే నువ్వు నీళ్లనుకుంటావు. పల్చగుంటే లోపలంతా బిన్నా, చకచకా పారతాది. పెట్రోలు గూడా తక్కువ తాగుతాది."

"అవి కొత్తవి. ఇది పాతది గదరా?"

"పాతదానికే నాయనా అది కావాల్సింది! ముసలోళ్లకు మనం పల్చగా గంజి కాంచి తాపించమా?"

నాయన కొంచెంసేపు ఆలోచించాడు. గంజి మాట ఆయనకు నచ్చినట్టే ఉంది. "చేసేవాడివి నువ్వు. నీకు తెలీకుండా ఉంటాదా" అని కారు తాళం నా చేతికిచ్చాడు. ఆ తాళం అందుకున్నప్పుడు నా ఛాతీ ఎంత పొంగిందో తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆయిల్ షాపులో యూనిఫాంతో నిలబడి, దొరికినవాటిలో అన్నిటికంటే పల్చని ఆయిల్ ఏదో చూపించమన్నాను. షాపాయన డబ్బా చేతికిస్తూ, "ఏ బండికి సార్?" అన్నాడు. నన్ను సార్ అన్న మొదటి మనిషి ఆయనే. ఆ ఊపులో ఏ బండికో చెప్పడమే మరిచిపోయాను.

మార్చిన మరునాటికే కారు వెనక నీలం పొగ మొదలైంది. అవ్వ దగ్గుకుంటూ వాకిట్లోకొచ్చి, "ఏందిరా ఇది, కారు బీడీ తాగుతాండాది?" అంది. లోపల పేరుకున్న పాత మురికి కాలిపోతోందనీ, రెండు రోజులకు శుభ్రమైపోతుందనీ చెప్పాను. ఎక్కడ విన్నానో తెలియదు. ఎక్కడా వినలేదేమో కూడా. నాయన తలూపాడు. అన్న మాత్రం పొగ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి లోపలికెళ్లిపోయాడు. మా అన్న మాట్లాడేది చాలా తక్కువ. చింతపండు బేరమైనా వేళ్లతోనే చేస్తాడు.

శుక్రవారం పొద్దున బయలుదేరాం. నాయన స్టీరింగు దగ్గర, పక్కన పట్టుపంచెలో అన్న, వెనక అమ్మ, అవ్వ, నేను. పళ్లూ పసుపుకుంకాలూ పెట్టిన పళ్లెం నా ఒళ్లో. పెనుకొండ దాకా కారు బాగానే వచ్చింది, వెనక వచ్చేవాళ్లకు మేం కనపడ్డం మానేశామన్న మాటేగానీ. ఒక బస్సు డ్రైవరు మమ్మల్ని దాటుతూ కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అరిచాడు. "శుభం జెప్తాండాడు" అంది అవ్వ. (ఆవిడకు చెవుడు. వినపడని మాటలన్నీ మంచి మాటలే అనుకునేది.)

హైవే ఎక్కాక ఫ్యాక్టరీ కనిపించింది. నేను ముందుకు వంగి, "అవ్వా, అదిగో మా కంపెనీ" అని అటువైపు చెయ్యి చాచాను. సరిగ్గా అప్పుడే నాయన ముందర మీటర్ల మధ్య ఎర్రలైటు వెలిగింది. ఇంజనులో రాళ్లు పోసి ఆడించినట్టు చప్పుడు మొదలైంది. నాయన కారును పక్కకు తీసి ఆపేశాడు. ఆపిన చోటు కంపెనీ గేటుకు ఎదురుగా. వెనక నుంచి వచ్చిన పొగ మెల్లగా ముందుకు పాకి మమ్మల్ని పూర్తిగా కప్పేసింది.

పొగ విడిపోయేసరికి ఎదురుగా మా లైన్ లీడరు నిలబడి ఉన్నాడు. ఆయన్ని మేం చాటుగా విజిల్ సారు అనేవాళ్లం. గేటు దగ్గర బస్సు దిగుతూ పొగ చూసి రోడ్డు దాటి వచ్చాడట. మంచి మనిషి. ఆ మంచితనమే నా కొంప ముంచింది.

"ఏమప్పా డోర్ రబ్బర్, సెలవు పెట్టి ఈడేం చేస్తాండావు?" అన్నాడు.

కంపెనీలో నన్నందరూ పిలిచేది అలాగే. నాకు ఉన్నచోటనే భూమిలోకి దిగిపోవాలనిపించింది. అవ్వకు జీవితంలో మొదటిసారి ఒక మాట స్పష్టంగా వినపడింది. "డోర్ రబ్బరేందిరా?" అంది.

"మీవాడి పని గదవ్వా అది" అన్నాడాయన, ఆవిడ చెవుడు గమనించి గొంతు పెంచి. "కార్ల తలుపులకు రబ్బరు అంటిస్తాడు. మా లైన్లో వీని మాదిరి నున్నగా ఎవరూ అంటించరు!"

అంతటితో ఆగలేదు. ఎండలోనూ చలిలోనూ రబ్బరు సాగడం, ముడుచుకోవడం గురించీ, మూలల దగ్గర నా వేళ్ల నేర్పు గురించీ చెబుతూనే ఉన్నాడు. ఆయన పొగిడినకొద్దీ నేను కుంచించుకుపోయాను. ఇంజన్లు అనే మాట ఎవరైనా అంటారేమోనని ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూశాను. ఎవరూ అనలేదు. నాయన బానెట్టు ఎత్తుతూ ఒక్క క్షణం ఆగాడు. "అట్లనా" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది.

విజిల్ సారు ఆయిల్ కొలిచే కడ్డీ బయటికి లాగి చూశాడు. చివర తడి ఉందా లేదా అన్నట్టుంది. ఏ ఆయిల్ పోశారని అడిగితే, నాయన నావైపు చూశాడు. నేను నేల చూస్తూ చెప్పాను. సారు కళ్లు పెద్దవయ్యాయి. "అది కొత్త ఇంజన్లకు గదప్పా! దీని లోపలంతా అరిగి సందులు పెద్దవై ఉంటాయి. పల్చనిది ఆ సందుల్లోంచి జారి పైకెక్కి కాలిపోతాది. ఆ పొగంతా నువ్వు పోసిన ఆయిలే." ఎదురుగా కంపెనీ గేటు, దాని మీద పెద్ద అక్షరాలు. అటు చూసే ధైర్యం నాకు లేకపోయింది.

నాయన వెనక డిక్కీ తెరిచి, గోనెసంచి కింద నుంచి ఒక డబ్బా తీశాడు. ఆయన ఎప్పుడూ వాడే చిక్కని ఆయిల్, పోయినసారి మిగిలింది. పారెయ్యమని నేనే చెప్పాను. పారెయ్యలేదు. డబ్బా వంచితే అది తేనెలా తీరిగ్గా దిగింది. ఆ తీరిక చూస్తుంటే రాహుకాలం గుర్తొచ్చి అమ్మ చేతులు నలుపుకోసాగింది. ఎర్రలైటు ఆరింది. పొగ తగ్గింది గానీ మానలేదు. దిగి బానెట్టు పట్టుకుని నిలబడిన అన్న తెల్ల చొక్కా చేతి మీద నల్లటి మరక పడింది. దాన్ని చూసుకుని, చెయ్యి మడుచుకుని, మళ్లీ కారెక్కి కూర్చున్నాడు. అక్కడి నుంచి ధర్మవరం దాకా ఒళ్లో పళ్లెం పట్టుకుని నేను అరటిపళ్ల వైపే చూస్తూ కూర్చున్నాను.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. పెళ్లికూతురి వీధిలోకి తిరిగాక గానీ తెలియలేదు, అసలు కథ ఇంకా ముందుందని. మా పొగ చూసి, దోమల మందు కొట్టే బండి వచ్చిందనుకుని పిల్లలు కేకలు వేస్తూ వెంటపడ్డారు. ఆడవాళ్లు వంటగిన్నెల మీద మూతలు పెట్టండని ఒకరికొకరు చెప్పుకుంటూ తలుపులు మూసుకున్నారు. వీధిలో ఒక వారగా మగ్గానికి ఎక్కించాల్సిన పట్టుదారాలను పొడవునా చాచి కట్టారు. లేత రంగు పట్టు, ఎండలో మెరిసిపోతోంది. దాని పక్కనున్న పెద్దాయన మా కారు చూసి రెండు చేతులూ పైకెత్తి పరుగెత్తుకొచ్చాడు.

"ఓ సామీ! ఆపండప్పా, ఆపండి! పట్టుకు పొగ పట్టిందంటే మేం చచ్చిపోతాం!"

నాయన ఇంజను ఆపేశాడు. వియ్యాలవారి ఇల్లు వీధి చివరన ఉంది. సమయం చూస్తే రాహుకాలం వచ్చేస్తోంది. కారును వీధిలో అడ్డంగా వదిలేసి పోవడానికి లేదు. అన్న దిగి, పట్టుపంచె మోకాళ్ల పైకి కట్టుకుని, వెనక్కొచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఇద్దరం కారును తోశాం. నాయన స్టీరింగు పట్టుకున్నాడు. తాంబూలం పళ్లెం పట్టుకుని అమ్మ పక్కన నడిచింది. అవ్వ మాత్రం దిగనంటే దిగనని, వెనక సీట్లో మహారాణిలా కూర్చుని, ఓరగా తెరిచిన కిటికీల్లోంచి తొంగిచూసే ఆడవాళ్లందరికీ నమస్కారాలు పెడుతూ వచ్చింది. మాకంటే ముందే టెంపోలో చేరిన చుట్టాలూ, వియ్యాలవారూ గడపలో నిలబడి, పెళ్లికొడుకు తన కారును తానే తోసుకుంటూ రావడం కళ్లారా చూశారు.

హడావిడిగా కాళ్లు కడుక్కుని లోపలికెళ్లాం. రాహుకాలం తగలకముందే ఉంగరాలు మార్చుకున్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నాక, పెళ్లికూతురి నాయన నవ్వుతూ అడిగాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

"ఏం బావా, మీ చిన్నోడు ఇంజన్లు చేస్తాడంటిరి. మరి ఇంట్లో కారు ఇట్లుండాదేంది?"

చావిడి నిండా జనం. అందరి కళ్లూ నా మీదికే తిరిగాయి. నేను నోరు తెరిచేలోపు నాయన అన్నాడు: "వాని తప్పేం లేదు బావా. ఆయిల్ నేను మార్పించినా. వాడు వద్దనే జెప్పినాడు. నేనే ఇనలేదు."

ముప్పై ఏళ్లుగా తూకంలో గింజంత తేడా రానివ్వని మనిషి, కొత్త వియ్యంకుడి ముందు, నా కోసం అంత పచ్చి అబద్ధం ఆడాడు. కళ్లు కూడా ఆర్పలేదు. 'కాదు, పోయించింది నేనే' అని చెప్పాలని నాకు గొంతు దాకా వచ్చింది. గొంతు దాటలేదు. దాటేలోపు అవ్వ అందుకుంది. ఆవిడకు ఆ పూట చెవులు ఎవరిచ్చారో తెలియదు.

"అబద్ధం ఎందుకురా ఆడతావు, శుభమా అని తాంబూలాలు మార్చుకున్నాక? పోయించింది వీడే! గంజి కాంచి తాపినట్ల తాపిచ్చినాడు. వీడు ఇంజన్లు గూడా చేయడంట, తలుపులకు రబ్బర్లు అంటిస్తాడంట!"

 మా చుట్టాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, చావిడంతా ఒక్కసారిగా పగిలింది. పెళ్లికూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని, భుజాలు అదిరేలా నవ్వింది. అన్న ఆవిడ నవ్వును చూస్తూ తనూ నవ్వాడు. మా అన్న పళ్లు అలా బయటపడటం నేను అదే మొదలు చూడటం. పెళ్లికూతురి అవ్వ మాత్రం నవ్వకుండా నన్ను దగ్గరికి పిలిచి, "అయితే కారులోకి వాన రాదు గదా నాయనా, నువ్వంటిస్తే?" అని అడిగింది. "రాదవ్వా" అన్నాను. "మంచి పనే గదప్పా" అంది. ఆ మాటతో ఇంకో విడత నవ్వారు. ఓళిగలు వడ్డించారు. నెయ్యి పోశారు. నేను ఒక్కటీ ముట్టలేదు. అందరూ నవ్వినందుకు కాదు. నవ్వుల మధ్యలో నాయన ఒక్కడే నవ్వలేదు. అబద్ధం బయటపడిన మనిషి మొహంతో, నా తరఫున సిగ్గుపడుతూ, ఆకులో ఉప్పును వేలితో అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాడు.

భోజనాలయ్యాక నాయనా నేనూ మళ్లీ కారు తోసుకుంటూ రోడ్డు మీద సర్వీసు షాపుకు పోయాం. ఆ పల్చని ఆయిలంతా కార్పించి, కొత్తది పోయించాలి. మరీ చిక్కని ఆయిల్ డబ్బా ఒకటి చూపించి, "ఇది పోయిద్దామా నాయనా?" అన్నాను, ఈసారి నిజంగానే తెలియక.

"అది లారీలకురా. ముసలిదైంది గదా అని మరీ చిక్కంది పోస్తే చలికాలం పొద్దున్నే ఇంజను లేయదు. అరిగినంత మేరకే చిక్కదనం ఉండల్ల" అన్నాడు. అంత జరిగినా ఆ గొంతులో కోపం లేదు.

ఆయిల్ కారుతుంటే ఇద్దరం చెక్క బల్ల మీద కూర్చున్నాం. "నాయనా, ఇంజన్లు కాదని నేను ముందే జెప్పల్సింది" అన్నాను.

 "నేను గూడా నిన్ను అడగల్సింది" అన్నాడు నాయన. "కార్ల కంపెనీ అంటే ఇంజనే అనుకుంటి. రోజూ బస్సు దిగి వస్తాంటావు, ఏం జేసినావురా ఈ పొద్దు అని ఒక్క దినం గూడా అడగకపోతి."

నా తప్పును ఆయన మళ్లీ సగం తన మీదే వేసుకున్నాడు. నేను తలెత్తలేకపోయాను. షాపాయన వచ్చి అయిపోయిందని చెప్పేదాకా నేల మీద ఆయిల్ మరకనే చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత మండీకి పోవాలంటే నాకు వారం రోజులు కాళ్లు రాలేదు. అందరూ అడుగుతారని భయం. ఒకరోజు అమ్మ క్యారియర్ ఇచ్చి పంపితే తప్పలేదు. గడప దగ్గరికి పోయేసరికి లోపల నాయన ఎవరో మడకశిర వ్యాపారితో మాట్లాడుతున్నాడు. "మా చిన్నోడు ఎర్రమంచిలో కార్ల తలుపులకు రబ్బర్లు అంటిస్తాడప్పా. వాడంటిస్తే చుక్క నీళ్లు లోపలికి పోవు" అంటున్నాడు. అదే గొంతు, అదే గర్వం, మొహంలో అదే వెలుగు. ఇంజన్లప్పటి దానికి రవ్వంత కూడా తగ్గలేదు. క్యారియర్ పట్టుకుని గోడ పక్కన అలాగే నిలబడిపోయాను. ఇంతకాలం నేను దాచింది ఎవరి కోసమో అర్థమై, ధర్మవరం చావిట్లో పడిన సిగ్గుకంటే ఎక్కువ సిగ్గుపడ్డాను.

ఇప్పుడు నేను పెనుకొండలో ఉంటున్నాను. కంపెనీలో పని మారింది. ఇంజన్లు ఆన్ చేసి, చప్పుడు విని, పరీక్షించే చోటికి వేశారు. ఆయిల్ డబ్బా మీది అంకెలకు అర్థం తెలుసు. కొత్తగా చేరినవాళ్లకు నేనే చెబుతుంటాను కూడా. నేను కొనుక్కున్న సెకండ్ హ్యాండు కారుకూ వయసు మీద పడింది. అయినా ఆయిల్ మార్చే ప్రతిసారీ షాపులో నిలబడి హిందూపురానికి ఫోన్ చేస్తాను. "నాయనా, ఈసారి ఏది పోయించమంటావు?" అంటాను. ఆయన మండీ పని పక్కన పెట్టి, డాక్టరులా మొదలుపెడతాడు. పొగేమన్నా వస్తాందా, పొద్దున్నే బిన్నా లేస్తాందా, కడ్డీ తీసి చూసినావా. అన్నిటికీ బుద్ధిగా జవాబులు చెబుతాను. "కంపెనీలో ఉండేవాడివి, నన్నడుగుతావేందిరా" అని మధ్యలో విసుక్కుంటాడు గానీ, ఫోన్ మాత్రం పెట్టడు. ఆయన గొంతు పెద్దది, షాపులో అందరికీ వినపడుతుంటుంది. షాపాయన రెండు చేతుల్లో రెండు డబ్బాలు పట్టుకుని, ఏది తెరవమంటారన్నట్టు నన్ను చూస్తాడు. కాసేపాగమని చేత్తో సైగ చేసి, ఫోన్ చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంటాను.